పచ్చ గుడ్డ కవరు

ఆగస్టు 19, 2006, శనివారం. జూలూరుపాడు.

పంచాయతీ ఎన్నికలని ఠాణాలో అప్పజెప్పిన రైఫిల్ ఈరోజు చేతికొచ్చింది. బోల్టు లాగే పని లేకుండా, ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా పేలే ఇరవై రెండు బోరు. చవకదే అయినా నాకు ముద్దే. అది లేని నెల రోజులూ కోతుల పాలవుతుందని బెంగపడ్డ మొక్కజొన్న మాత్రం కండెలతో నిండుగా ఉంది. నా అదృష్టం అనుకున్నాను.

సాయంత్రం రైఫిల్ భుజాన వేసుకుని దర్జాగా గట్టెక్కాను. కోతుల మంద నన్ను చూస్తూనే కండెలు ఒలుచుకుంటోంది. గాలిలోకి రెండుసార్లు పేల్చాను. ఒక ముసలి కోతి తల తిప్పి చూసి మళ్లీ తినసాగింది.

ఇంతలో మా ఆవిడ సుజాత వచ్చింది. ఆమె భుజాన రైఫిల్ పచ్చ గుడ్డ కవరు. ఠాణాకు పోయేటప్పుడు నేను ఇంట్లో వదిలేసిందే. అది కనబడగానే మంద మొత్తం అడవిలోకి పరుగు తీసింది.

"కవర్ల ఏమున్నదే?"

"రోకలి. నెల సంది గిదే కాపలా కాసింది. నువ్వు ఏనాడన్న కవర్ లేకుంట చేన్లకు తెచ్చినవా? గట్ల ఉత్తగ తెస్తే అవి ఎట్ల గుర్తువడ్తయి?"

ఇల్లు చేరేదాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. కవరు మాత్రం తిరిగివ్వనంది.

వచ్చే నెల లైసెన్సు రెన్యువల్. ఆయుధం ఎందుకని అడిగిన చోట ఎప్పుడూ 'పంట కాపలాకు' అని రాసేవాణ్ణి. ఈసారీ అదే రాద్దామంటే... సుజాత పక్కనే నిలబడి చదువుతుంది.