నీలం నీళ్ళు

జూన్ 3, 2025

నరసరావుపేట డాక్టరమ్మ మాత్రలు తను రాసింది, మిగతాది నన్ను రాయమంది. ఈ డిప్రెషన్‌కి రాతే సగం మందట. ఏం రాయాలి? నాకేం కోపం లేదు.

జూన్ 7, బక్రీద్

పొద్దున్నుంచీ చుట్టాలు. తల వంచుకుని వడ్డించాను. ఫాయిజా కోలుకుంది, మా చెల్లి బంగారం అని అన్నయ్య ఇలియాస్ అందరికీ చెప్పుకున్నాడు. చేతిలో గరిటె వాడి నెత్తిన వెయ్యాలనిపించింది.

మంగళవారం రాసింది అబద్ధం. కోపం ఉంది.

జూన్ 9, మధ్యాహ్నం 2

కరెంటు లేదు. చెమటతో పేజీ తడుస్తోంది. అయినా రాస్తాను.

పోయినేడాది నాకు గుంటూరులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఆ మెసేజ్ అన్నయ్య ఫోన్‌కి వచ్చింది. అప్లికేషన్‌లో వాడి నంబరే ఇచ్చాను, నాకు ఫోన్ ఎక్కడిది! వాడు డిలీట్ చేశాడు. హాస్టల్లో ఉంటే ఆడపిల్ల చెయ్యి దాటిపోద్దట. మెసేజ్ వచ్చిందా అని రోజూ అడిగేదాన్ని. బైక్ రిపేర్ నుంచి తలెత్తకుండా రాలేదనేవాడు. నేనే మొద్దుననుకున్నాను. ఆరు నెలలు గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మార్చిలో వదిన తహసీన్ నోరు జారి ఆ డిలీట్ సంగతి బయటపెట్టింది. మీ అమ్మకి కూడా ముందే తెలుసుగా అనేసి నాలిక్కరుచుకుంది.

వాడి సంగతి సరే. అమ్మ! నేను ఏడుస్తుంటే తలకి నూనె రాస్తూ, నీ నసీబులో లేదు, సబర్ చెయ్యమ్మా, ఓర్చుకో అంది. అన్నీ తెలిసే అంది. నాకు తెలిసిపోయిందని ఆవిడకి ఇప్పటికీ తెలియదు. అడుగుదామని నోరు తెరిస్తే అన్నం తిన్నావా అంటుంది. మూడు నెలలుగా నా నోరు మూసుకునే ఉంది.

జూన్ 12

పేజీన్నర తిట్లు. అన్నీ అమ్మకే. ఒక నీలం జెల్ పెన్ అయిపోయింది.

అమ్మ పక్కనే కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతోంది. ఆవిడకి అక్షరం ముక్క రాదు. రాయమ్మా, రాస్తే తగ్గుద్దంట కదా అంది. రాసేది నీ గురించే అనలేకపోయాను. ఛీ, నా బతుకు.

జూన్ 13

ఆకలేసింది. రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

జూన్ 16, పొద్దున

నోట్‌బుక్‌లో తిట్ల పేజీ లేదు!

వంటింట్లోకి పరిగెత్తాను. పింగాణీ గిన్నెలో నీలం నీళ్ళు. అందులో నా పేజీ.

మా ఇంట్లో ఎవరికి బాగోలేకపోయినా మసీదు పక్క మౌలాలీ తాత పళ్ళెం మీద కుంకుమపువ్వుతో దువా రాసిస్తాడు. అది కడిగి తాగిస్తారు. డాక్టరమ్మ రాతే మందు అన్నదని అమ్మ విన్నది కదా. రాసి మూసిపెడితే ఎట్టా తగ్గుద్దే, తాగొద్దా అని నాకు గ్లాసు అందించింది. గ్లాసు సగమే ఉంది. మిగతాదేదని అడిగాను. నేను తాగా, రోగం నీ ఒక్కదానికేనా అంది.

అమ్మ పెదాలు నీలంగా ఉన్నాయి.

జాలి వెయ్యలేదు. ఒళ్ళు మండింది. నువ్వు ఏం తాగావో తెలుసా అని బజారంతా వినపడేట్టు అరిచాను. ఏం రాశావేంది అంది. చెప్పాను. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు. మెసేజ్ దగ్గర మొదలుపెట్టి ఒక్క తిట్టు కూడా వదల్లేదు. దొంగకి కాపలా కాసిన దొంగవి అన్నది కూడా. అమ్మ నిలబడే విన్నది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

సారీ చెప్పను.

జూన్ 17

సాయంత్రం ఇలియాస్ అన్నం తింటుంటే, అమ్మ వాడి ఎదురుగానే వచ్చి కూర్చుంది. మళ్ళీ చదువు అంది నాతో.

ఏది, తిట్లా, ఎమ్మెస్సీనా అని అడిగాను.

రెండూ అంది.