పిడి లోపలి గాట్లు

కటవారియా సరాయ్, ఢిల్లీ

రాజగోపాల్ గారికి,

మా నాన్న లింగయ్య చేసిన మడత కత్తిని నిన్న మీ ప్రదర్శనలో మీ కంపెనీ పేరుతో చూశాను. అందుకే ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

“మా డిజైనర్ల పని, దీదీ” అన్నాడు మీ సేల్స్ మనిషి. దాన్ని నమూనాగా మీకు పంపినప్పుడు పార్సిల్ మీద చిరునామా రాసింది నేనే. మా ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే. నాన్న సంతకం చేయలేరు, కత్తి మీద మూడు గాట్లు కొడతారు. మీరు వాటిని అరగదీసి మీ ముద్ర వేసుకున్నారు.

కానీ నాన్న అవే గాట్లు పిడి లోపల కూడా కొడతారు. రివెట్ ఊడదీసి చూడండి.

కత్తి పక్కన ఆయన పేరు పెట్టండి. లేదంటే ప్రదర్శన చివరి రోజు, ఇరవయ్యో తేదీన, ఆ పిడిని జనం ముందు ఆయనే విప్పుతారు. పదిహేనో తేదీలోగా జవాబు రాయండి. నాన్నకు రైలు టికెట్ తీయాలో వద్దో తేల్చుకోవాలి.

లింగయ్య గారి కూతురు