నాలుక లేని గంట

పోర్తు నేవొవా,
6 మార్చి 1990, మంగళవారం

ప్రియమైన ఫెలిస్బెర్టాకు,

దియోలిండా నమస్కారాలు. నువ్వూ, మీ అమ్మ ఉంబెలినా పిన్నీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. పిన్నికి దగ్గు తగ్గిందని రొట్టెల కొట్లో విన్నాను, మనసు కుదుటపడింది. ఇక్కడ మేమంతా ఆరోగ్యంగానే ఉన్నాం.

రెండు వీధుల అవతల ఉండే మనిషికి ఉత్తరమేమిటని అనుకుంటావేమో. ఏం చెయ్యను? జనవరి నుంచి నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతున్నావు. తలుపు కొడితే తియ్యవు. సార్డీన్ల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళు ఒకే బల్ల దగ్గర నిలబడి చేపల తలలు కోసినవాళ్ళం. ఆ చేతి రాతనైనా చదువుతావని ఆశ.

మన ఊరు పట్టణం అవుతున్నందుకు నాకు సంతోషం లేదనుకోకు. ఊరి చిహ్నం మీద పట్టణాలకిచ్చే నాలుగు బురుజుల కిరీటం ఉంటుందనీ, జెండా నీలం తెలుపు నాలుగు గడులుగా ఉంటుందనీ నువ్వున్న చిహ్నం సంఘం చెప్పిన రోజు నేనూ చప్పట్లు కొట్టాను. నీలం సముద్రానికి, తెలుపు ఉప్పుకి. చిహ్నంలోని డాలు మీద మూడు వెండి పడవలు, 1912లో మంచు కమ్మి రాళ్ళకు కొట్టుకుని పోయిన పడవలకు. పంతొమ్మిది మంది పోయారు, అందులో మీ తాత బెంతు ఒకడు. ఆ పడవలు ఉండాల్సిందే. నేను బతిమాలుకునేది వాటి పైన మీరు వేయించిన నల్ల గంట గురించి.

నాలుక లేని గంట. దాని అర్థం ‘అప్రమత్తత’ అని మీ కాగితంలో రాశారు. ఊళ్ళో దాని అర్థమేమిటో నీకు తెలియదా? మంచు పట్టినప్పుడు గుట్ట మీది చర్చి గంట కొట్టి పడవలకు దారి చూపాల్సిన మా తాత జసింతు, దాని ఇనుప నాలుకను ఊడదీసి వైనుకు అమ్ముకున్నాడని. డెబ్బై ఎనిమిదేళ్ళుగా ఆ మాట మా వెంట ఉంది. అది మాటగా ఉన్నంతకాలం ఓర్చుకున్నాం. ఇప్పుడు దానికి బొమ్మ గీసి స్తంభం ఎక్కిస్తున్నారు.

మీ ప్రెసిడెంటు అర్మేనియు గారి దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను. గంట బదులు లంగరు వేయించండి, చుక్క వేయించండి అన్నాను. ఆయన నవ్వి, లంగరు లేని ఊరు ఈ తీరాన ఎక్కడుందమ్మా, ఆ గంటే లేకపోతే మనల్ని ఎవరు గుర్తుపడతారు అన్నాడు. ఫాదర్ గారు ప్రార్థన చేసుకోమన్నారు. చేపల బజార్లో ఒకావిడ, మా వాళ్ళ పేరు లేకుండా మీ వాళ్ళ పేరు జెండాకెక్కింది, ఇంకా ఏడుపెందుకే అంది. అందరూ నవ్వారు. నేను చేపలు కొనకుండానే వచ్చేశాను.

పోయిన గురువారం మా మనవరాలు ఫిలిపా బడి నుంచి వచ్చి పుస్తకాల సంచీ కింద పెట్టకుండానే నన్ను అడిగింది: అమ్మమ్మా, మీ జసింతు తాత ఎన్ని సీసాలు తాగాడు? క్లాసులో అందరూ చిహ్నానికి రంగులు వేస్తుంటే, గంట మీ ఇంటిదే కదా, నువ్వే వెయ్యి అని నల్ల రంగు దాని చేతిలో పెట్టారట. దానికి తొమ్మిదేళ్ళు. వేసింది. బాగా వేశావని టీచరు మెచ్చుకుందట కూడా.

శుక్రవారం సభలో ఊరంతా చేతులెత్తి చిహ్నానికి ఓటేస్తుంది. సంఘంలో నువ్వు పోయినవాళ్ళ ఇంటి మనిషివి. నువ్వు వద్దంటే కావాలనే ధైర్యం ఎవరికీ లేదు. నీ కాళ్ళు పట్టుకుంటాను ఫెలిస్బెర్టా. మా తాతను క్షమించమనడం లేదు. ఆ పిల్లను వదిలెయ్యమంటున్నాను. ఇంతకంటే నేను చెప్పకూడదు.

నీ జవాబు కోసం చూస్తుంటాను. పిన్నికి నా నమస్కారాలు చెప్పు.

ఎప్పటికీ నీ
దియోలిండా

తా.క. 10 మార్చి, శనివారం.

ఈ ఉత్తరం ఆ రోజు నీకు పంపలేదు. కవరు అంటించాక, నిన్ను బతిమాలడం కంటే సభలో లేచి నిజం చెప్పేయడమే మేలనిపించింది. నిన్న అందుకే వచ్చాను. ఎవరికైనా అభ్యంతరముందా అని ప్రెసిడెంటు అడిగినప్పుడు నేను లేచి నిలబడటం నువ్వూ చూశావు. ముందు వరసలోంచి మీ అమ్మ వెనక్కి తిరిగి, ఏమ్మా దియోలిండా, మోకాళ్ళు పట్టేశాయా, ఇలా వచ్చి నా పక్కన కూర్చో అంది. వెళ్ళి కూర్చున్నాను. జనం చేతులెత్తుతున్నంతసేపూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు. గంట నెగ్గింది.

ఆ నిజం నీకొక్కదానికి చెబుతున్నాను. నోరు విప్పనని మా అమ్మకు ఆమె చివరి రోజున వేసిన ఒట్టు ఇవాళ తప్పుతున్నాను.

పడవలు పోయిన ఆ సంవత్సరం మూడు రోజులు ఎడతెగని మంచు. మా తాత మూడు రోజులూ గంట కొడుతూనే ఉన్నాడు. చర్చి కిందే మీ తాత ఇల్లు. రెండేళ్ళ మీ అమ్మకు మెదడు జ్వరం, గంట మోగినప్పుడల్లా బిడ్డ ఒళ్ళు వంకర్లు తిరిగేది. మూడో సాయంత్రం గాలి లేచి మంచు విడిచింది. కానీ ఆ గాలికి గంట దానంతటదే ఊగి మోగసాగింది. మీ తాత మెట్లెక్కి వచ్చి, జసింతూ, ఇంకొక్క దెబ్బ మోగితే నా బిడ్డ దక్కదు, ఈ పూటకు దీని నోరు మూయించు అన్నాడు. మా తాత నాలుక ఊడదీశాడు. బిడ్డ నిద్రపోయింది. జ్వరం దిగింది. తెల్లారి పడవలతో పాటు మీ తాతా వెళ్ళాడు. కాసేపటికే మంచు మళ్ళీ దిగింది. మా తాత నాలుక తగిలించేలోపే రాళ్ళ మీంచి కేకలు వినిపించాయి.

ఆ ఇనుమును ఆయనే సముద్రంలోకి విసిరేసి, తాగడానికి అమ్ముకున్నానని ఊరికి చెప్పాడు. నిజం చెబితే మిగతా పద్దెనిమిది ఇళ్ళవాళ్ళు ఆ పసిదాన్నీ, దాని తల్లినీ ఈ ఊళ్ళో బతకనిచ్చేవారా? మీ అమ్మమ్మకు మాత్రం తెలుసు. ఏటా పోయినవాళ్ళ పండుగ నాడు మా గడప మీద ఒక మొక్కజొన్న రొట్టె పెట్టి, తలుపు కొట్టకుండా వెళ్ళిపోయేదట.

రేపు జెండా ఎగురుతుంది. ఫిలిపాను వెంటపెట్టుకుని నేనూ వస్తాను. ఇప్పుడు నువ్వు మార్చగలిగిందేమీ లేదు, అడగడం లేదు. ఒక్కదాన్నే మొయ్యలేక నీకు రాశాను. ఇది చదివి పొయ్యిలో పడెయ్యి. నీ ముఖంలో కూడా ఏమీ కనిపించనివ్వకు. తన జ్వరం వల్లే నాన్న పోయాడని మీ అమ్మకు ఎనభయ్యో ఏట తెలియకూడదు.