మామూలు తెల్లది

బావా,

నువ్వు పోయి ఆరు నెలలు నిండాయి. ఇక్కడ బాగానే ఉన్నాం. అక్క రెండు పూటలా తింటోంది. నేను సేద్యం కౌలుకిచ్చేసి, ఏర్పేడు వదిలి, నీ ఇంట్లోనే ఉంటున్నాను. అక్క ఒక్కతే ఉండకూడదని వచ్చాను. వచ్చాక తెలిసింది, కాపలా కావలసింది అక్కకు కాదు, నీ మిద్దె మీది పూల గడ్డలకని.

ఉన్న మాట రాస్తాను. నీ పూల పిచ్చి మీద నాకు ఏనాడూ గౌరవం లేదు. నీ ముఖం మీద అనలేకపోయాను. ఐదో తరగతి చదివి శనక్కాయలు పండించుకున్నవాణ్ణి, ఆఫీసులో పనిచేసిన నీతో ఏం వాదిస్తాను... ఇప్పుడు నువ్వు ఎదురు చెప్పలేవు కదా.

మొదట ఆ స్నోడ్రాపులు. ఫోనులో చూపించావు. మంచులోంచి తల వంచుకుని లేచే తెల్లపూలు. రేకు మీద పచ్చచుక్క ఒకటుంటే ఒక పేరట, రెండుంటే ఇంకో పేరట. ఎక్కడినుంచో నాలుగు గడ్డలు తెప్పించి, తిరుపతిలో మంచు లేదని ఫ్రిజ్‌లో దోశపిండి పక్కన పెట్టావు. గడ్డలు కుళ్లాయి. దోశలు కంపు కొట్టాయి. అక్క వారం రోజులు నీతో మాట్లాడలేదు. నీకు సిగ్గేసిందా? లేదు. "మంచు లేకుంటే ఏమప్పా, మనకు వాన ఉండాది" అని రెయిన్ లిల్లీల మీద పడ్డావు.

అవేం పూలు బావా? వాన పడిన నాలుగో రోజు లేస్తాయి, మర్నాటికి వాడిపోతాయి. మాలకు రావు, కూరకు రావు, వాసన లేదు. పూయనప్పుడు చూస్తే గరిక. పీకి చూస్తే చిన్న ఎర్రగడ్డ. దానికోసం ఎనభై కుండీలు...

నీ ఫోను గుంపు సంగతి ఇంకా అన్యాయం. పెద్ద చదువులు చదివినవాళ్లు, పింఛన్లు తీసుకునేవాళ్లు, ఒక పువ్వు ఫోటో పెట్టి "రేకులు ఆరా, ఎనిమిదా" అని పొద్దుగూకేదాకా కొట్టుకుంటారు. మా ఊళ్లో పనిలేనివాళ్లు కూడా కనీసం చీట్లాడుకుంటారు.

ఒక్కటి మాత్రం నన్ను నవ్వకుండా ఆపేది. దూదిపుల్లతో ఈ పువ్వు పొడి ఆ పువ్వుకు అద్ది, గింజ వేసి, ఐదేళ్లకు నువ్వే ఒక కొత్త పువ్వు పుట్టించావు. బేనిషా మామిడిపండు పసుపు, అంచున సన్నటి ఎర్రగీత అన్నావు. అది పూసినరోజు అక్క ఎవరిదో పెళ్లికని ఊరికెళ్లింది. తిరిగొచ్చేసరికి వాడిపోయింది. గుంపుకు తెలిసిపోతుందని ఫోటో కూడా తీయలేదు. "దానికి మీ అక్క పేరే పెడతా, వచ్చే వానకు సూపిస్తా" అన్నావు. వచ్చే వానకు నువ్వు లేవు.

నువ్వు పోయిన పదో రోజు అక్క నాతో అన్న మాట ఒకటే. "మిగతావి ఏమన్నా చేసుకోరా. నా పేరుది ఒక్కటి పూస్తే సూడాల."

పదకొండో రోజు నీ దివసం నాడు గుంపు దిగింది. తొమ్మిది మంది. అక్క దగ్గర రెండు నిమిషాలు, మిద్దె మీద రెండు గంటలు. ఒకావిడ కుండీ పట్టుకుని ఏడ్చింది. అక్కను చూసి ఏడవలేదు. నేను నీళ్లతొట్టి వెనక నిలబడి ఉన్నాను. నువ్వు పదేళ్లు కాఫీలు పోసిన ఆ రిటైరైన ఇంజనీరు, అక్క పేరు 'రాజేశ్వరి' అని ముత్యాల్లాంటి అక్షరాలతో నువ్వు రాసిపెట్టిన కుండీలోంచి మూడు గడ్డలూ పెరికి చేతిరుమాలులో కట్టుకున్నాడు. అడక్కుండా తెచ్చుకున్న మొక్కే బాగా వస్తుందని పక్కాయనతో నవ్వుతూ చెబుతున్నాడు.

చూశాను. నోరు రాలేదు.

నేనేం మనిషిని బావా? పంట మీద అడవిపంది పడితే అరిచినవాణ్ణి, ఇస్త్రీ చొక్కాకు జడిశాను.

ఆ తర్వాత చేసింది ఇంకా సిగ్గుచేటు. అక్కకు తెలియకూడదని పక్క కుండీలోంచి మూడు గడ్డలు తీసి అందులో నాటాను. అక్క మోకాళ్లు పట్టుకుంటూ రోజూ మిద్దెక్కి దాని పక్కనే కూర్చునేది. వేసవంతా కూర్చుంది. నేను తల వంచుకుని వంగనారు పోసుకున్నాను. నారుకు చోటు కావాలని నువ్వు పనికిరానివిగా మూలన పెట్టిన పెయింటు డబ్బాలు ఏడింటిని పక్క ఖాళీ జాగాలోకి బోర్లించాను. ఒక డబ్బా మీద 'మామూలు తెల్లది' అని రాసి ఉంది. మామూలుదాన్ని ఎవరు మేపుతారు?

మొన్న తొలివాన బాగా కొట్టింది. నాలుగో రోజు పొద్దున అక్క కుండీలో మొగ్గ విచ్చింది. గులాబీ రంగు. అక్క చాలాసేపు చూసింది. "ఇది సంతలో అమ్మేది కదరా... మీ బావ బేనిషా రంగన్నాడే" అంది. నేను వంగనారు వైపు తిరిగాను.

అప్పుడే ఇంజనీరు ఫోను. "మీ బావ ఇట్లాంటివాడనుకోలేదండీ. పేరు రాసిన కుండీలో మామూలు తెల్లది పెడతాడా? వేసవంతా గొడుగు కింద పెట్టి సాకినాను" అన్నాడు. ఎత్తుకుపోయిన సొత్తు బాగాలేదని సొంతదారు ఇంటికి ఫోను చేసి దెబ్బలాడే దొంగను నేనెక్కడా చూడలేదు. చదువుకుంటే ఇంత ధైర్యం వస్తుందా?

ఆయన గొంతు పెద్దది, పక్కనున్న అక్క విన్నది. ఇక దాచేందుకు లేదు. అంతా చెప్పాను. "నోరు యాడ తాకట్టు పెట్టినావురా అప్పుడు?" అంది.

అప్పుడు గుర్తొచ్చింది, నువ్వొకసారి విత్తనం శనక్కాయల మూటల దగ్గర నాతో అన్నది. "మంచిదాని మీద మంచి పేరు రాస్తే మన కాడ నిలవదప్పా." అంటే పేరున్న కుండీలో మామూలుది పెట్టావు. మంచిది 'మామూలు తెల్లది' అని రాసిన డబ్బాలో... నేను బోర్లించిన డబ్బాలో.

వాళ్ల బుద్ధి అంత తెలిసినవాడివి, వాళ్లకు కాఫీలెందుకు పోశావు? వాళ్లకు చెప్పకపోతే పోనీ. నాకెందుకు చెప్పలేదు? నన్నూ ఆ లెక్కలోనే వేశావా...

చెప్పులు కూడా వేసుకోకుండా ఖాళీ జాగాలోకి దిగాను. పగిలిన ఇటుకలు, పందులు తవ్విన గుంటలు, ఎవరో పారేసిన పరుపు. ఆ పరుపు పక్కన రెండు పూలు విచ్చుకుని ఉన్నాయి, ఒక మొగ్గ. బేనిషా పసుపే. అంచున ఎర్రగీత, సున్నం ఎక్కువైన తాంబూలం పెదవిమీద ఆరినట్టు. మూడు నెలలు చుక్క నీళ్లు లేకుండా ఎండలో పడున్నాయి. మిద్దె మీద నేను రోజూ నీళ్లు పోసినవాటికంటే ఇవే బలంగా ఉన్నాయి.

తవ్వి పైకి తెద్దామని పారకోసం వెనక్కు తిరిగేసరికి అక్క జాగా మధ్యకు వచ్చేసింది. ఆ మోకాళ్లతో ఎట్లా దిగిందో తెలియదు. వంగి చూసింది.

"ఇంతేనా?" అంది.

"దీనికోసమా ఐదేండ్లు నాతో మాట్లాడకుండా మిద్దె మింద కూర్చున్నాడు మనిషి" అంది. పక్కనున్న ఇటుక మీద కూర్చుంది. ఎండ నెత్తికెక్కింది. నేను ఇంట్లోకి పోయి గొడుగు తెచ్చి పట్టుకున్నాను. లేవలేదు. నన్ను పొమ్మనీ అనలేదు. పూలు ముడుచుకునే వేళ దాకా అట్లాగే ఉన్నాం.

మర్నాడు మూడు గడ్డలూ మట్టితో సహా ఎత్తి అక్క పేరున్న కుండీలోనే నాటాను. ఇక పేరూ పువ్వూ ఒకచోటే ఉంటాయి. నీ దొంగాట నాకు చేతకాదు.

ఇంజనీరుకు ఎవరు కబురు మోశారో, నిన్న మళ్లీ ఫోను చేశాడు. ఆదివారం వచ్చి చూస్తాడట. తరిమేద్దామన్నాను. "రానీ. ఇచ్చేది ఇయ్యనిది నా ఇష్టం. కానీ నువ్వు ఆయన్ను వాకిట్లోనే నిలబెట్టి అడగాల, దివసం నాడు చేసింది ఏందని" అంది అక్క.

అడుగుతాను బావా. ఇంకా మూడు రోజులుంది... మాటలు కూడబెట్టుకుంటున్నాను.

నీ బామ్మర్ది,
మునిరత్నం