గంటకే విప్పిన సంచి

డ్రెస్డెన్, 2020 నవంబర్, మంగళవారం

ల్యాబ్‌లోకి రోజుకు ఒక్కరికే అనుమతి, అదీ నాలుగు గంటలే. ఫ్రీజర్‌లోంచి సంచితో సహా తీసిన, జిగురు పట్టించిన కార్బన్ బట్ట గది వేడికి రావడానికే ఆ నాలుగు గంటలూ చాలవు. అంతదాకా సంచి విప్పకూడదని, విప్పితే బట్టకు చెమ్మ పట్టి తర్వాత బుడగలొస్తాయని మొదటి రోజే నేర్పారు. తెలిసి తెలిసీ పోయిన వారం గంటకే విప్పేసి, పొరలు పొరలుగా పేర్చి అచ్చులో పెట్టాను.

ఈరోజు అచ్చులోంచి తీస్తే పలకకు ఒకవైపంతా బుడగలు. వేడి తగిలితే దానంతటదే వంగాల్సిన పలక అది. ఇప్పుడు వేడి చేస్తే పొరలు ఊడొస్తాయి. బుడగల వైపు కిందికి తిప్పి, బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ట్రామ్‌లో ఉండగా శ్రావంతి ఫోన్ చేసింది. ప్రోటీన్లు ఎలా మడత పడతాయో తను కనిపెట్టి చెబితేనే కదా, ఆ మడతలు నేను పలకలోకి తెచ్చేది. పాపం, వారం నుంచి క్వారంటీన్‌లో ఉంది.

"నా సెల్స్ అన్నీ చచ్చిపోయాయంట. ఫీడ్ చేయడానికి ఎవరూ లేరుగా" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "పోన్లే, నీ ప్లేట్ అన్నా బాగా వచ్చిందా?"

"మంచిగనే వచ్చింది" అన్నాను.

గొంతు తడబడింది. మాస్కు వల్ల అనుకుని ఉంటుంది.

తప్పును నాలుగు గంటల రూల్ మీదికి నెట్టేద్దామంటే మనసు ఒప్పుకోవడం లేదు. మరుసటి రోజుకు ఇంకో టెర్మిన్, అంటే ల్యాబ్‌కి వెళ్లే వంతు, అడిగి ఉండాల్సింది. అది దొరికేదాకా రెండు వారాలు ఆగలేకపోయాను.

వచ్చే సోమవారానికి క్వారంటీన్ అయిపోతుంది, ఆ రోజు టెర్మిన్ శ్రావంతిది. పలకను వేడి చేసి, వంగుతుంటే వీడియో తీసి పంపుతానంది. ఒక్కరికే అనుమతి కదా. అది విడిపోయేటప్పుడు తన పక్కన ఎవరూ ఉండరు.