మగ్గం పెద్దోనికి, ఇల్లు చిన్నోనికి

గద్వాల. తారణ, శ్రావణ శుద్ధ చవితి, సోమవారం

గట్టిగ అనుకున్న. జంధ్యాల పున్నం లోపల వీలునామా రాస్త. నేనే రాస్త. వకీలెందుకు? కర్నూల్ల అచ్చు కాగితాలు దొరుకుతున్నయి, ఖాళీలు నింపితే అయిపాయె. రెండు తెప్పిచ్చిన. మా నాయిన ఏం రాయకుంటనే పోయిండు. మా అన్న, నేను ఇప్పటికీ మాట్లాడుకోం. నా కొడుకులకు ఆ గతి రావొద్దు.

పంచమి, మంగళవారం. పొద్దున

ఈ కాగితం రైతులకు చేసినట్టున్నది. పొలం: లేదు. బావి: లేదు. ఎడ్లు: లేవు. లేదు లేదని రాసి రాసి, నేనింత బీదోన్నా అనిపిచ్చింది. మగ్గానికి ఖాళీనే లేదు. పక్కకు సన్నగ రాసిన. మగ్గం పెద్దోడు మల్లేశ్‌కు. ఇల్లు చిన్నోడు వెంకటస్వామికి. ఎంత అల్కగున్నది! వకీళ్లు ఉత్తగనే బతుకుతున్నరు.

దశమి, ఆదివారం

సాక్షి సంతకానికి పక్కింటి భీమన్న తానకు పోయిన. సదివి, పక్కకు సన్నగ రాసిన కాడ వేలు వెట్టిండు.

"మగ్గం మల్లేశ్‌ది. మరి నేసేటప్పుడు కాళ్లు వెట్టే గుంత?"

"గుంత ఇంట్ల ఉన్నది."

"ఇల్లు చిన్నోనిది గదనే. పెద్దోడు కాళ్లు యాడ వెడ్తడు?"

భూమిల తవ్విన గుంతను ఎవడు ఎత్తుకపోతడు? మీసం రానప్పటి సంది అండ్లనే కాళ్లు వెడుతున్న, యాదికే రాలే. సంతకం కాలే. చాయ మాత్రం తాపిండు.

ఏకాదశి, సోమవారం

ఇల్లు చెరిసగమని దిద్దిన. పంచే గోడ సరిగ్గ గుంత నడిమిట్ల వస్తున్నది. జర వంకర గీసిన. మల్లేశ్ చూసి "నాయినా, నా దిక్కు చీకటైతది" అన్నడు. చిన్నోడు "వెల్తురు నాకొద్దా?" అన్నడు. బువ్వ కాడ ఇద్దరు మాట్లాడుకోలే. నేనింక బతికే ఉన్న.

త్రయోదశి, బుధవారం

ముసురు. వెల్తురు లేదు. సిరా పల్చగున్నది. తలకాయ నొస్తున్నది. అయినా నాకేమైంది, గుండ్రాయి లెక్క ఉన్న. అంత జల్ది ఏమున్నది?

చతుర్దశి, గురువారం

మా చీర నడుమ నూలు, అంచు పట్టు. రెండు కలపాలంటే పక్కన ఇంకొకరు కూసోవాలె. పెండ్లైనప్పటి సంది నా పక్కన కూసునేది నా పెండ్లాం రేణుకమ్మనే. ఇయ్యాల పోగు ఏసే నాడె కింద వెట్టి లేచింది. కాగితం మల్లేశ్ తోని సదివిచ్చుకున్నదట.

"అండ్ల నా పేరు యాడున్నది?"

ఎతికిన. నిజంగనే లేదు.

"నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద" అన్న.

"ఏ సగంల?"

సిగ్గయింది. చీర గట్లనే ఆగింది.

జంధ్యాల పున్నం, శుక్రవారం

కొత్త జంధ్యం ఏసుకున్న. కాగితం చింపి పొయ్యిల వెట్టిన. దాని మీదనే రేణుకమ్మ పాయసం వండింది. కొడుకులిద్దరు ఒక్క తాన కూసోని తిన్నరు. వీలునామా లేదు, ఏం లేదు. పాయసం శానా రుచిగున్నది.

బహుళ పాడ్యమి, శనివారం

మనసొప్పలే. రెండో కాగితం తీసి రేణుకమ్మను పక్కన కూసోవెట్టుకున్న. రాసి, సదివి వినిపిచ్చిన. నా తర్వాత ఇల్లు, మగ్గం, గుంత, అన్ని రేణుకమ్మవే. ఆమె ఉన్నన్ని దినాలు ఎవరు గోడ కట్టొద్దు.

ఆమె నవ్వి, "నేనే ముందు పోతే?" అన్నది.

కలం ఆగింది. ఆమె లేకుంటే అంచు ఎవరు కలుపుతరు? "నేను గట్ల రాయ" అన్న. ఏడుపొచ్చింది. రాసిందంత అలుక్కపోయింది.

"మంచిగ రాసినవ్ పో" అని కొంగుతోని నా మొకం తుడిచి, మగ్గం కాడికి పోయి కూసున్నది.

కర్నూలు పోయేటోళ్లకు మల్ల రెండు కాగితాలు చెప్పిన. దసరా లోపల పక్కా రాస్త. ఇద్దరం కూసోని రాస్తం.