కొట్టివేసిన ఎనిమిదో షరతు

కృష్ణా జిల్లా జగ్గయ్యపేట కాపురస్థుణ్ణి, కీర్తిశేషులు నూతలపాటి దశరథరామయ్య గారి కుమారుణ్ణి, పప్పు మిల్లు వ్యాపారిని, అరవై మూడేళ్ళ వయసు గల నూతలపాటి వీరరాఘవయ్య అను నేను నా ఇష్టపూర్వకంగా వ్రాయించుకొన్న వీలునామా. గుండె జబ్బు ఉన్న మాట నిజం. బుద్ధి మాత్రం నిలకడగానే ఉన్నది. ఈ పదేళ్ళలో ఇంత నిలకడగా ఎప్పుడూ లేదు. నన్నెవరూ బెదిరించి గాని, మభ్యపెట్టి గాని ఇది వ్రాయించలేదు. నా కుమారుడు భవానీప్రసాద్ అయితే అసలు వ్రాయవద్దనే అన్నాడు. ఎందుకన్నాడో కింద వస్తుంది.

ఇందులో చెప్పిన ఆస్తి యావత్తూ నా స్వార్జితం. దాని మీద ప్రభుత్వం వారికి అమ్మకపు పన్ను బాకీ ఉన్నది. ఆస్తి చూపించి బాకీ దాచడం నాకు బాగా అలవాటైన పని గనుక, ఈసారి ముందు బాకీ సంగతే చెబుతున్నాను.

1. మా ఊరు దాటితే ఒకప్పుడు నైజాం. కోదాడ, సూర్యాపేట షావుకార్లకు నేను కందిపప్పు తోలేవాణ్ణి. అది వేరే రాష్ట్రం గనుక అక్కడికి పోయిన సరుకు మీద ఇక్కడ పన్ను పడేది కాదు. 1956 నవంబరులో రెండూ కలిసి ఒకే రాష్ట్రమైనప్పుడు మిల్లు ముందు పందిరి వేయించి ఊరందరికీ బూందీ పంచాను. మర్నాడు మా గుమాస్తా పేరయ్య యథాప్రకారం కోదాడ బిల్లు మీద ‘నైజాం సరుకు, పన్ను లేదు’ అని వ్రాశాడు, నేను యథాప్రకారం సంతకం పెట్టాను. రాష్ట్రం ఒకటైతే కోదాడ సరుకుకూ పన్ను కట్టాలని ఆ బూందీ తిన్నవాళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. పంచినవాడికి అసలే తట్టలేదు. మూడేళ్ళపాటు అట్లాగే బిల్లులు వ్రాశాం.

పేరయ్యకు నా ఉన్ని శాలువా, గొడుగు, ఒక ఏడాది జీతం ఇవ్వవలెను. తప్పంతా గుమాస్తాదేనని పన్నుల ఆఫీసరు గారి ముందు చెప్పడానికి నేను సిద్ధపడ్డాను. ఆ సంగతి పేరయ్యకు ఇప్పటికీ తెలియదు. ఈ పేరా చదివేటప్పుడు అతన్ని బయటికి పంపవద్దు.

2. మొదటి నోటీసు చదివాను. కోదాడ, సూర్యాపేట సరుకు మొత్తానికీ పన్ను కట్టమని ఉన్నది. తరువాత వచ్చినవి కవరైనా చింపకుండా దేవుడి గూట్లో పటాల వెనక పెట్టాను. అప్పీలుకు ముప్పై రోజుల గడువు ఉంటుందట, చింపితే కదా తెలిసేది! ఎవరినైనా అడుగుదామంటే నామోషీ. పదిమందికి పెద్దమనిషిగా తగవులు తీర్చేవాణ్ణి, నా ఇంటికే నోటీసులు వస్తున్నాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను? బజార్లో ఇద్దరు నవ్వుకుంటే నన్ను చూసే నవ్వారనుకునేవాణ్ణి. నోటీసులు పెరిగాయి, పన్ను మీద జరిమానా పడింది. రోజూ ఆ గూటికే దీపం పెట్టేవాణ్ణి.

3. కంచికచర్ల వాస్తవ్యులు, మా కులం వారు, పెళ్ళిళ్ళలో నా పక్కనే కూర్చునేవారు అయిన సుబ్బరాయుడు గారు ఆ రోజుల్లో, "పై ఆఫీసులో మనవాళ్ళున్నారు బావా, నాకొదిలెయ్, కాయితమే మాయమైపోద్ది" అన్నారు. మూడుసార్లు డబ్బు పట్టుకుపోయారు. కాయితం అట్లాగే ఉన్నది, ఆయనే మాయమయ్యారు. సుబ్బరాయుడు గారు తమ వాటా నేను బతికుండగానే తీసుకున్నారు గనుక ఈ వీలునామాలో వారికి ఏమీ వ్రాయడం లేదు.

4. జగ్గయ్యపేటలోని పెంకుటిల్లు, పెరడు, బావి నా భార్య సీతారావమ్మకు దాన విక్రయాది సర్వ హక్కులతో చెందవలెను. 1961లో ఇల్లూ మిల్లూ జప్తు చేసి వేలం వేస్తామని మా వీధిలో టముకు వేయించారు. ఆ చప్పుడు వినపడగానే నేను మిల్లు గోడౌనులోకి పోయి బస్తాల వెనక కూర్చున్నాను. నా భార్య గడపలోకి వచ్చి నిలబడి మొత్తం విన్నది. "పూర్తిగా చెప్పావా నాయనా?" అని ఆ టముకు వేసేవాణ్ణి అడిగి, అతనికి చేటెడు కందులు పోసి పంపించింది. తరువాత గోడౌనుకు వచ్చి, "పరువు పోతుందని దాచారు. దాచబట్టే కదండీ పోయింది" అన్నది. ఇల్లు ఆమెది.

5. నందిగామలో తన పినతల్లి కొడుకు కొట్టు లెక్కలు ఇశ్రాయేలు గారనే ఆయన చక్కబెట్టారని నా భార్యే చెప్పింది. ఆయన పన్నుల ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి, ఉద్యోగం మానుకుని, సేల్స్ టాక్సు కేసులు చూస్తూ బోర్డు కట్టుకున్నవారు. ఆ బోర్డు నాకు తెలియనిది కాదు. సుబ్బరాయుడు గారి వెంట తిరిగే రోజుల్లో దాని ముందు నుంచే ఎన్నోసార్లు నడిచాను. ఇశ్రాయేలు గారు క్రైస్తవులు, చెవిటికల్లులో మా కులాల వాళ్ళు కాలు పెట్టని వాడలో పుట్టినవారు. అందుకని ఆ గుమ్మం ఎక్కలేదు. వేరే కారణం లేదు.

చివరికి కంటి డాక్టరు దగ్గరికని ఊళ్ళో చెప్పి, గూట్లోని కవర్లు పట్టుకుని నందిగామ బస్సెక్కాను. ఆయన కుర్చీ చూపించారు. నేను కండువాతో దులిపి కూర్చున్నాను. ఆ కుర్చీ మీద దుమ్ము లేదు. ఆయన చూశారు. కవర్లన్నీ నా ముందుకు తోసి, "మీరే చింపండి. ఒకసారి చదివితే సగం భయం పోద్దండి" అన్నారు. నిజంగానే పోయింది.

ఆయన రెండు నెలలు కూర్చుని మా బిల్లులన్నీ విడదీశారు. అప్పీలు గడువు దాటినా పై అధికారులకు అర్జీ పెట్టించి, రాష్ట్రం ఒకటి కాకముందు పోయిన సరుకు మీద వేసిన పన్ను కొట్టేయించారు. సరుకు కొన్నవాళ్ళ దగ్గర నేను పన్ను వసూలు చేసి దాచుకోలేదని రుజువు చూపించి జరిమానా తీయించారు. పేరయ్య మీద నెడదామన్నప్పుడు, "సంతకం మీది కదండీ, తెలియక చేశానని మీరే చెప్పండి" అన్నారు. ఆఫీసరు గారి ముందు నిలబడి ఆ నాలుగు మాటలూ అనేసరికి చొక్కా తడిసిపోయింది. ఆఫీసరు గారు వేలం ఆపి, మిగిలినది వాయిదాల మీద కట్టుకోనిచ్చారు. ఇశ్రాయేలు గారు తాము ముందు చెప్పిన ఫీజే తీసుకున్నారు, తీసుకున్న ప్రతిసారీ రసీదు ఇచ్చారు.

6. నా కుమార్తె కమలాకుమారికి కీసర దగ్గర మెట్ట చేను రెండెకరాలు. మొదటి వాయిదాకు డబ్బు చాలక నేను అరుగు మీద కూర్చుని ఉంటే, పుట్టింటికి వచ్చిన ఈ పిల్ల మెడలో కాసులపేరు తీసి నా ఒళ్ళో పెట్టింది. అత్తగారింట్లో చెప్పావా అని నేను అడగలేదు, అడిగితే తీసుకోలేనని. ఇప్పటికీ గిల్టుదే వేసుకుంటున్నది. అమ్మా, నీ మెడ చూడలేక నిన్ను పండగలకు పిలవడం మానేశాను. నీ మీద కోపమని నువ్వు అనుకున్నావట. కాదు తల్లీ, సిగ్గు. ఆ కాసులపేరు అంతే తూకంతో చేయించి వేసేదాకా భవానీప్రసాద్ మిల్లుకు బెల్టు తప్ప మరేమీ కొనరాదు.

7. పప్పు మిల్లు, గోడౌను నా కుమారుడు భవానీప్రసాద్‌కు చెందవలెను. 1967 మార్చి దాకా మూణ్ణెల్లకొక వాయిదా ఉన్నది. ఒక్కటి తప్పినా బాకీ అంతా ఒక్కసారే మీద పడుతుంది, ఇల్లూ మిల్లూ మళ్ళీ వేలానికి వస్తాయి, మీ అమ్మ మళ్ళీ గడపలో నిలబడాలి. కనుక ఈ వీలునామా అమలు జరిపే బాధ్యతా, వాయిదాల లెక్కా ఇశ్రాయేలు గారికి అప్పగిస్తున్నాను. "మన ఇంటి గుట్టు వాళ్ళ చేతిలో పెట్టడమేంటి నాన్నా, మనవాళ్ళు లేరా?" అని నా కుమారుడు అన్నాడు. మనవాళ్ళ సంగతి మూడో పేరాలో ఉన్నది. నాయనా, ఆ మాట నువ్వు ఎక్కడ నేర్చావో నాకు తెలుసు గనుక నీ మీద కేకలు వేయలేకపోయాను.

8. (కొట్టివేయబడినది. గీత గీసినా చదవడానికి వీలుగా ఉంచమని లేఖరి గారిని కోరాను.) నా పెద్దకర్మ నాడు ఇశ్రాయేలు గారినీ, వారి భార్య కృపావతి గారినీ పిలిచి, మా ఇంటి నడవలో, మొదటి బంతిలో, బంధువుల మధ్య విస్తళ్ళు వేయవలెను. వారికి వేయడం ఇష్టం లేకపోతే ఎవరికీ వేయరాదు. బంతి వంటలకు గాడిపొయ్యి తవ్వరాదు. ఆ ఖర్చు వాయిదాకు జమ కట్టవలెను. ఈ షరతు తప్పితే మిల్లు నా కుమార్తెకు పోవలెను.

9. పై షరతు ఎందుకు వ్రాయించానో, ఎందుకు కొట్టించానో చెబుతాను. ఇశ్రాయేలు గారు మూడేళ్ళుగా మా మిల్లుకు వస్తున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి లేచి బస్టాండు హోటలుకు పోయి, తిని వచ్చి మళ్ళీ నా లెక్కలు పట్టుకునేవారు. మా వంటింట్లో తాలింపు వేస్తే ఆయన కూర్చున్న చోటికి వాసన వస్తుంది. ‘భోంచేసి వెళుదురుగాని’ అనే మాట నాలుక చివరికి వచ్చేది. చుట్టాలు ఏమంటారోనని మింగేసేవాణ్ణి. చచ్చిపోయాక నన్నెవరూ ఏమీ అనలేరు గదా అని ఆ పని మీ నెత్తిన పెట్టాను.

మొన్న శనివారం నందిగామ వెళ్ళి ఈ చిత్తు ఆయనకు చదివి వినిపించాను. సంతోషిస్తారనే అనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ పేరా తీసేయండి రాఘవయ్యగారూ. మిల్లు పోద్దని భయపడి వేసిన విస్తరి ముందు నేను కూర్చోలేనండి. మీ అబ్బాయి పిలిచినా పిలవకపోయినా వాయిదాలు నేను చూస్తా, అది నా పని. అన్నం సంగతంటారా, మీరింకా బతికే ఉన్నారు కదండీ" అన్నారు.

అప్పుడైనా పిలిచి ఉండవచ్చు. బస్సు వేళైందని చెప్పి లేచి వచ్చేశాను. బస్సుకు ఇంకా గంట ఉన్నది.

కనుక ఎనిమిదో షరతు రద్దు. ఎవరికీ నిర్బంధం లేదు. ఇల్లు నిలుస్తుంది, నిలబెట్టేది ఎవరో మీరు తెలుసుకుని ఉండవలెను. ఈ సంతకం పెట్టే వేళకు నేను ఆయన్ను ఇంకా భోజనానికి పిలవలేదు.

కొట్టివేత ఒకటి, నా సమ్మతితో జరిగినది.

క్రోధి నామ సంవత్సరం మార్గశిర మాసం, 1964 డిసెంబరు 14, సోమవారం, జగ్గయ్యపేట.

(సంతకం) నూతలపాటి వీరరాఘవయ్య

సాక్షులు:
కొల్లి పిచ్చయ్య, రైతు, కీసర
షేక్ మస్తాన్, గానుగ నూనె వ్యాపారి, జగ్గయ్యపేట

దస్తావేజు లేఖరి: వంగల నరసింహశాస్త్రి, నందిగామ